జీతపు నిలుకడ – జాగా నిలుకడ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పల్లెలో ఒక కుటుంబముతో వియ్యమందదలచినవారు మొదట అడుగునది “ఎన్ని ఎకరముల భూమి కలదు?” అను ప్రశ్న. విశాఖపట్టణమున అదే సందర్భమున అడుగునది “పిల్లవాని ఉద్యోగము పర్మనెంటేనా?” అను ప్రశ్న. ఈ రెండును వేర్వేరు ప్రశ్నలవలె తోచును గాని, విచారించి చూచినచో వాని భావము ఒక్కటియే. కష్టకాలము వచ్చినపుడు ఈ కుటుంబము ఎంతకాలము నిలువగలదు అను సంగతిని పెద్దలు ఆ విధముగ తెలిసికొనగోరుదురు.

నేటి విషయము ఆ నిలుకడయే. ఉద్యోగము ఎట్టిదో దానిని బట్టి ఇల్లు, స్థలము, అప్పు, పొదుపు అను వాని నడక ఎట్లు మారునో విశాఖ రేవును, ఉక్కు కర్మాగారమును ఉదాహరణములుగా గైకొని విచారించుట ఈ ఉపన్యాసపు ఉద్దేశము. ఉత్తరాంధ్ర గ్రామములలో విశాఖకు పనికై పోయిన బిడ్డ లేని వీధి అరుదు. ఆ బిడ్డలు పంపు పైకముతోను, వారి జీతము చూపి తెచ్చిన అప్పుతోను స్థలములు కొనబడుచున్నవి. కావున ఇది పట్టణవాసులకు ఎంత అవసరమో గ్రామవాసులకును అంత అవసరమైన విషయము.

ముందుగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. భూమి కాచుకొని యుండగలవానికే ఫలించును. ఆ కాచుకొను శక్తి జీతము ఎంత యనుదానికంటె, ఆ జీతము ఎంత నమ్మకముగా వచ్చును అనుదానిపై ఎక్కువగ ఆధారపడి యుండును. తక్కిన ప్రసంగమంతయు ఈ మాటకు వివరణమే.

రేవు కూలి మొదలు నెల జీతము వఱకు

విశాఖ రేవు ఏర్పడక పూర్వము ఈ ప్రాంతపు కూలిజనము సముద్రము దాటి బర్మాకు పోయెడివారు. రంగూను రేవులో బస్తాలు మోసినవారిలో తెలుగువారు అనేకులు. మేస్త్రీ యొద్ద ముందు బాకీ తీసికొని ఓడ యెక్కుట, ఆ బాకీ తీరువఱకు అతడు చెప్పిన పని చేయుట నాటి పద్ధతి. అక్కడ సంపాదించిన పైకమును ఇంటికి పంపి భూమి కొనినవారు కొందరు. ఆ యూరనే ఉంచుకొనినవారు కొందరు. 1942లో జపాను సైన్యము బర్మాను ఆక్రమించినపుడు లక్షలాది భారతీయులు ప్రాణములు అరచేత బట్టుకొని తిరిగి వచ్చిరి. స్వగ్రామమున కొంచెమైనను భూమి యున్నవానికి నిలువ నీడ దొరకెను. సంపాదన యంతయు రంగూనులోనే ఉంచినవాడు పనిని, సొమ్మును ఒక్కసారిగ పోగొట్టుకొనెను. పని యున్నచోటనే ఆస్తియంతయు ఉంచుకొనుటలోని అపాయమును ఈ ప్రాంతమువారు ఆనాడే అనుభవించిరి.

విశాఖ లోపలి రేవులోనికి 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ ప్రవేశించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 19న వైస్రాయి లార్డు విల్లింగ్డన్ ఆ రేవును లాంఛనముగ ప్రారంభించెను. రేవు వచ్చినది గాని, ఓడలో సరకు ఎత్తి దింపు కూలికి మాత్రము నిలుకడ రాలేదు. ఓడ వచ్చిన దినము పని. రాని దినము పస్తు. అట్టి కూలివానికి అద్దెకు ఇల్లు ఇచ్చుటకును, దుకాణమున అరువు ఇచ్చుటకును జనము వెనుదీయుట సహజము.

ఈ దురవస్థను తొలగించుటకై 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. దాని ననుసరించి విశాఖకు 1959లో ప్రత్యేకముగ ఒక పథకము రూపొందినది. డాక్ లేబర్ బోర్డు ఏర్పడినది. కూలివాని పేరు రిజిస్టరులో చేరి, పని వంతుల ప్రకారము దొరకి, పని లేని దినములకును కొంత కనీసపు రాబడికి హామీ కలిగినది. చేసెడి పని మారలేదు. మోసెడి బస్తా బరువును తగ్గలేదు. అయినను పేరు పుస్తకమున ఎక్కిన మనిషి వచ్చే నెల ఖర్చును ఈ నెలలోనే లెక్కవేసికొనగలిగెను. పొదుపు అనునది ఆ లెక్కతోనే ఆరంభమగును.

అటుపిమ్మట నెల జీతపు ఉద్యోగములు విశాఖలో వరుసగ పెరిగినవి. 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రమునుండి 1948 మార్చి 14న ‘జల ఉష’ యను ఓడను పండిత నెహ్రూ జలప్రవేశము చేయించెను. అదియే 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు సంస్థయైనది. 1957లో కాల్టెక్సు చమురుశుద్ధి కర్మాగారము, 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్సు సంస్థ, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారము వచ్చినవి. క్వార్టర్సు, భవిష్యనిధి, గ్రాట్యుటీ, ఉద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘములు – ఇవి యన్నియు నెల జీతమును ఆశ్రయించి పెరిగిన సౌకర్యములు. గాజువాక పరిసరములలో పొలములు కాలనీలుగ మారుటకు పునాది ఈ నెల జీతములే.

ప్రకటనకును జీతమునకును నడుమ ఇరువది యేండ్లు

ఉక్కు కర్మాగారపు చరిత్రయే ఈ విషయమునకు ముఖ్యమైన పాఠము. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ యను ఉద్యమము 1966లో చెలరేగెను. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థ ఏర్పడినది 1982లో. మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగినది 1990లో. కర్మాగారమును ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితము చేసినది 1992 ఆగస్టు 1న.

1970 నుండి 1990 వఱకు ఇరువది యేండ్లు. ప్రకటన విన్న నాడే సమీపమున స్థలము కొనిన మనిషిని ఊహింపుడు. అతడు ఇరువది యేండ్లు కాచుకొనవలెను. ఈ నడుమ పిల్లల చదువులు, పెండ్లిండ్లు, రోగములు రాక మానవు. కాచుకొను కాలమునకు ఖరీదు కూడ కలదు. నూటికి 8 రూపాయల వార్షిక చక్రవడ్డీకి ఉంచిన 10,000 రూపాయలు ఇరువది యేండ్లకు సుమారు 46,600 రూపాయలగును. కావున ఇరువది యేండ్లలో తన స్థలము విలువ నాలుగు రెట్లయినదని సంతోషించువాడు నిజమునకు ఆ వడ్డీయంత లాభమునైన పొందలేదు. పై ఆధారము ఉన్నవాడు కాచుకొని తుదకు లాభపడును. ఆధారము లేనివాడు అవసరము పడి అయిదవ యేటనో, పదియవ యేటనో వచ్చిన ధరకు అమ్ముకొనును. ఆ భూమియే, ఆ ధరయే. ఫలితము మాత్రము ఇద్దరికి రెండు విధములు.

ఈ పాఠము గడచిన కాలమునకు మాత్రమే చెందినది కాదు. 2019 డిసెంబరులో విశాఖను పరిపాలన రాజధాని చేయు ఆలోచన శాసనసభలో వెలువడెను; 2024లో ప్రభుత్వము మారి ఆ ఆలోచన విరమింపబడెను. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో భారీ డేటా కేంద్రమునకు ప్రకటన చేసెను. ఇట్టి ప్రకటనలు వెలువడిన ప్రతిసారియు స్థలముల దళారులు పల్లెలకు వచ్చుట కలదు. ప్రకటన నిజము కావచ్చును. దాని వలన విలువయును పెరుగవచ్చును. కాని ప్రకటననాడు కొనువాడు తన యొద్ద ఎన్ని యేండ్ల ఓపిక యున్నదో మొదట లెక్కించుకొనవలెను.

ఉక్కు కర్మాగారపు చరిత్రలో మరియొక పక్షము కలదు. ఆ భూములు ఇచ్చిన రైతు కుటుంబములది ఆ పక్షము. వారి కిచ్చిన పునరావాస పత్రములను జనము ‘ఆర్ కార్డులు’ అందురు. అగనంపూడి, పెదగంట్యాడ మొదలగు చోట్ల వారికి పునరావాస కాలనీలు వెలసినవి. కార్డు గలవారిలో కొందరికి కర్మాగారమున ఉద్యోగము దొరకినది. అనేకులు ఏండ్ల తరబడి దానికై ఎదురుచూచిరి. ఉద్యోగము దొరకిన ఇంట పోయిన పొలమునకు బదులు నెల జీతము నిలిచినది. పరిహారపు సొమ్ము మాత్రమే చేతికి వచ్చిన ఇంట ఆ సొమ్ము కరగిన పిదప భూమియు లేదు, జీతమును లేదు. భూమి అనగా ఏటేట పంట నిచ్చునది. దానికి బదులుగ ఏటేట రాబడి నిచ్చునది లభించినపుడే లెక్క సరియగును.

నాలుగు విధముల సంపాదనాపరులు

నేడు విశాఖలో సంపాదించువారిని నాలుగు తరగతులుగ చూడవచ్చును. మొదటివారు స్థిరోద్యోగులు. రెండవవారు కాంట్రాక్టు ఉద్యోగులు, నిర్ణీతకాలపు ఉద్యోగులు. మూడవవారు దినకూలీలు. నాలుగవవారు సొంత వృత్తివారు – ఆటో నడుపువాడు, కిరాణా దుకాణదారు, చేపల వ్యాపారి, మేస్త్రీ మున్నగువారు.

బ్యాంకు ఈ నలుగురిని ఒకే కంటితో చూడదు. స్థిరోద్యోగి జీతపు చీటీలు, ఆదాయపు పన్ను పత్రము చూపినచో చాలును. సొంత వృత్తివాడు రెండు మూడేండ్ల ఆదాయపు లెక్కలు దాఖలు చేసి చూపవలెను. పన్ను తప్పించుకొనుటకై లెక్కలో ఆదాయము తగ్గించి చూపినవానికి, అప్పు కావలసిననాడు ఆ తగ్గింపే అడ్డమగును. కాంట్రాక్టు ఉద్యోగి ఎన్ని యేండ్లుగ ఎడతెగక పని చేయుచున్నాడో పరిశీలింపబడును. దినకూలికి బ్యాంకు గృహఋణము దొరకుట కష్టము. అందువలన అతడు వడ్డీ వ్యాపారి గుమ్మము తొక్కును.

ఆ గుమ్మము ఖరీదు చూడుడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనగా ఏటికి 24 శాతము. మూడు లక్షల రూపాయలు ఆ వడ్డీకి తెచ్చి స్థలము కొనినవాడు నెలకు 6,000 రూపాయలు వడ్డీయే కట్టవలెను. 50 నెలలు గడచునప్పటికి మూడు లక్షలు వడ్డీగ పోయి, అసలు మూడు లక్షలును అట్లే నిలిచియుండును. అదే మూడు లక్షలకు బ్యాంకు 8.5 శాతము వడ్డీ వేసినచో నెల వడ్డీ 2,125 రూపాయలు మాత్రమే. ఒకే వీథిలో ఒకే కొలత గల రెండు స్థలములు కొనిన స్థిరోద్యోగికిని, దినకూలికిని ధర ఒకటే యని పత్రములో కనిపించును. కూలివాడు చెల్లించునది దాదాపు మూడు రెట్ల వడ్డీ.

కావున దినకూలికి తగిన మార్గము వేరు. వడ్డీ వ్యాపారి అప్పుతో స్థలము కొనుట అతనికి తగదు. ఇంటి స్త్రీ స్వయంసహాయక సంఘమున సభ్యురాలై, బ్యాంకు ద్వారా సంఘమునకు వచ్చు తక్కువ వడ్డీ ఋణమును వాడుకొనుట మేలు. రిజిస్టరైన చీటీలలో మాత్రమే చేరవలెను. చీటీలకు 1982 నాటి కేంద్ర చట్టము కలదు. అన్నిటికంటె ముందు ఆరు నెలల బియ్యము, అద్దె, మందుల ఖర్చునకు సరిపడు పైకము బ్యాంకులో నిలువ ఉండవలెను. ఆ నిలువ లేనివాని స్థలము పేరునకు అతనిదే గాని, నిజమునకు మొదటి జబ్బు వచ్చువఱకే అతనిది.

కాంట్రాక్టు ఉద్యోగి పరిస్థితి మరింత జాగ్రత్త కోరునది. అతని చేతికి వచ్చు నెల జీతము కొన్నిచోట్ల స్థిరోద్యోగి జీతమునకు సమీపముగనే యుండును. అందువలన అతడు తానును స్థిరోద్యోగియే యని భ్రమపడుటకు అవకాశము కలదు. కాంట్రాక్టు ముగిసిననాడు ఆ భ్రమ తొలగును, అప్పు మాత్రము తొలగదు. అతడు ఒక సంవత్సరపు వాయిదాలకు సరిపడు సొమ్ము వేరుగ నుంచుకొనిన పిదపనే గృహఋణమునకు పూనుకొనవలెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి నిర్ణీతకాలపు ఉద్యోగికి ఒక సంవత్సరము సేవతోనే గ్రాట్యుటీ హక్కు కలిగించినది. తన నియామక పత్రము అట్టి నిర్ణీతకాలపు నియామకమా, లేక కాంట్రాక్టరు క్రింది పనియా యని ప్రతివాడును చదివి తెలిసికొనవలెను. పనిచేయు గేటు ఒకటైనను హక్కులు ఆ కాగితమును బట్టి యుండును.

వాయిదాల లెక్క

స్థిరోద్యోగికి కూడ లెక్క తప్పదు. 30 లక్షల రూపాయల ఋణము 8.5 శాతము వడ్డీకి 20 యేండ్ల గడువునకు తీసికొనినచో నెల వాయిదా సుమారు 26,035 రూపాయలు. మొత్తము చెల్లింపు సుమారు 62 లక్షల 48 వేలు. గడువు 15 యేండ్లే యైనచో వాయిదా సుమారు 29,540 రూపాయలు. మొత్తము సుమారు 53 లక్షల 18 వేలు. నెలకు 3,500 రూపాయలు అదనముగ కట్టగలవానికి 9 లక్షలకు పైగ మిగులును. తన సర్వీసు పదునైదేండ్లే మిగిలియున్నవాడు ఇరువది యేండ్ల గడువు కోరినచో, జీతము నిలిచిన పిదప అయిదేండ్లు వాయిదా కట్టవలసివచ్చును. అందువలన గడువు పదవీ విరమణకు ముందే ముగియునట్లు చూచుకొనుట మంచిది.

వడ్డీ రేటును స్థిరముగ నుండునని తలపరాదు. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు తన రెపో రేటును 4 శాతము నుండి 6.5 శాతమునకు పెంచినది. అంతకు ముందు 6.75 శాతమునకు 30 లక్షలు ఇరువది యేండ్లకు తెచ్చినవాని వాయిదా సుమారు 22,810 రూపాయలు. రేటు 9.25 శాతమునకు పెరిగినచో, వాయిదా పెంచని పక్షమున అందులో దాదాపు అంతయు వడ్డీకే పోయి అసలు దాదాపుగ తరుగదు. అప్పు తెచ్చునాడే “వాయిదా అయిదు వేలు పెరిగినను కట్టగలనా?” అని ప్రశ్నించుకొనువాడే ధీమాగ నుండగలడు. జీతమెక్కువ వచ్చిన నెలలో అసలులో కొంత ముందుగ చెల్లించుట కూడ లాభమే. మారురేటు గృహఋణములపై వ్యక్తులయొద్ద ముందు చెల్లింపు జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే శాసించినది.

కరోనా కాలమున 2020 మార్చి నుండి ఆగస్టు వఱకు వాయిదాలకు విరామము దొరకినది. అనేకులు అది మాఫీ యనుకొనిరి. వాయిదా ఆగినది గాని వడ్డీ ఆగలేదు.

జీతమును జాగాయును ఒకే కొలిమిపై

ఇచ్చట స్థిరోద్యోగికి సైతము చెప్పవలసిన హెచ్చరిక ఒకటి కలదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రిమండలి సంఘము విశాఖ ఉక్కు సంస్థలో నూటికి నూరు పాళ్లు పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయముగ ఆమోదము తెలిపినది. కార్మికుల నిరసనోద్యమము ఏండ్ల తరబడి సాగినది. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయమును ప్రకటించినది. ఈ నడుమ కాలమున ఉద్యోగి మనస్సున రెండు దిగుళ్లు కలిసి మెలగినవి: జీతము ఏమగును అనునది ఒకటి, కర్మాగారము చెంత కొనిన ఇంటికి విలువ ఏమగును అనునది రెండవది. ఆ ఇంటిని అద్దెకు తీసికొనువాడును, కొనువాడును అదే కర్మాగారపు జీతగాడు. జీతము తగ్గిన కాలముననే అద్దెయు తగ్గును, ధరయు తగ్గును.

ఇట్టిది ఇతర దేశములలోను జరిగినది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు యంగ్స్‌టౌన్ చెంత 1977 సెప్టెంబరు 19న ఒక పెద్ద ఉక్కు కర్మాగారపు మూసివేత ప్రకటింపబడినది. అయిదు వేలమంది పని పోగొట్టుకొనిరి. ఆ దినమును అచటివారు నేటికిని ‘నల్ల సోమవారము’ అందురు. పని వెదకుకొనుచు వేరు పట్టణమునకు పోదలచినవానికి ఇల్లు అమ్ముడుపోలేదు. అందరు అమ్మువారేయైనచోట కొనువాడెవడు?

బొంబాయి చరిత్ర మరొక పక్షమును చూపును. అచట 1982 జనవరిలో బట్టల మిల్లుల సమ్మె ఆరంభమైనది. సుమారు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. అనేక మిల్లులు మరల తెరువలేదు. కాలక్రమమున ఆ మిల్లుల భూములు కోట్లకు అమ్ముడై మేడలుగ లేచినవి. భూమి కాచుకొనగలిగినది, దాని ప్రక్కన బ్రతికిన కార్మికుడు కాచుకొనలేకపోయెను.

దీనినుండి తేలునది యేమనగా, నివాసమునకై పని చెంత ఒక ఇల్లు కొనుట సబబే. రెండవ స్థలము, మూడవ స్థలము కూడ అదే గేటు చెంత కొనుట మాత్రము తెలివి కాదు. మిగులు సొమ్ములో కొంత బ్యాంకులోను, పోస్టాఫీసులోను, భవిష్యనిధిలోను, కొంత స్వగ్రామమున సాగుభూమిలోను ఉండవలెను. అద్దెకై ఇల్లు కొనువాడు మరియొక లెక్కయు చూచుకొనవలెను. 50 లక్షల ఇంటికి నెలకు 12,000 రూపాయల అద్దె వచ్చినచో ఏటి రాబడి 1,44,000. అనగా నూటికి మూడు రూపాయలకంటె తక్కువ. ఆ ఇంటినే 8.5 శాతపు అప్పుతో కొనినచో అద్దె వడ్డీకి చాలదు. ఆ లోటును జీతమే పూడ్చవలెను.

పదవీ విరమణ సొమ్ము విషయమునను ఇదే న్యాయము. మూలవేతనము, కరవుభత్యము కలిసి 40,000 రూపాయలు గలవాడు 30 యేండ్లు సేవ చేసినచో, ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున గ్రాట్యుటీ సుమారు 6 లక్షల 92 వేలు. భవిష్యనిధి దీనికి అదనము. ఈ మొత్తమును ఒక్క స్థలములో పోసినవానికి మరునాడు మందులకు డబ్బు ఉండదు. స్థలమును గజము గజముగ అమ్మి మందులు కొనుట సాధ్యము కాదు.

కాగితముల సంగతి

ఎంత నిలుకడగల జీతమైనను, పత్రము సరిలేని భూమిని బాగుచేయజాలదు. బ్యాంకు పత్రములు పరిశీలించి అప్పు ఇచ్చునపుడు స్థిరోద్యోగికి ఒక కాపుదల యనుకోకుండ లభించును. చేబదులుతో, వడ్డీ డబ్బుతో కొనువానికి ఆ కాపుదల లేదు. మోసములు ఎక్కువగ పేదవానికే తగులుటకు ఇది ఒక కారణము.

రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఋణభార పత్రము, అనగా ఇ.సి., తీసి చూడవలెను. 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదేమో విచారింపవలెను. అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టము కట్టుదిట్టము చేసినది. తరువాత వచ్చిన సడలింపులు ఎవరికి వర్తించునో తహసీలుదారు కార్యాలయమున తెలిసికొనక అడుగు వేయరాదు. సింహాచల దేవస్థానపు భూములకు సంబంధించిన ‘పంచగ్రామాల’ సమస్య విశాఖవారందరు ఎరిగినదే. అడవివరము, వేపగుంట మొదలగు గ్రామములలో ఇండ్లు కట్టుకొని యేండ్లుగ కాపురమున్న కుటుంబములు హక్కు తేలక పడిన యాతన చిన్నది కాదు. వారిలో జీవితకాలపు పొదుపును ఆ ఇండ్లలో పోసిన జీతగాండ్రును కలరు.

కేవలము జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వలన యాజమాన్యము సంక్రమింపదని సుప్రీము కోర్టు 2011లో స్పష్టము చేసినది. 500 చదరపు మీటరులకు మించిన లేఅవుటు స్థలములు అమ్మువాడు 2016 నాటి రెరా చట్టము ప్రకారము నమోదు చేసికొనవలెను. కొనువాడు ఆ నమోదు సంఖ్య అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. రిజిస్ట్రేషను ఖర్చులను కూడ ముందే లెక్కలో చేర్చుకొనవలెను. 30 లక్షల లోపు ఋణమునకు బ్యాంకు ఇంటి విలువలో 90 శాతము వఱకు ఇయ్యవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. తక్కినది కొనువాడే తేవలెను. ఆ తక్కినదానిని వడ్డీ వ్యాపారియొద్ద తెచ్చువాడు మొదటి మెట్టుననే జారినట్లు.

హామీ సంతకము విషయమున గ్రామవాసులు ముఖ్యముగ మెలకువ వహింపవలెను. పట్టణమున స్థిరోద్యోగి యొకడు ఉన్నచో బంధువులందరు అతని సంతకము కోరుదురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, హామీ యిచ్చినవాని బాధ్యత అప్పు తీసికొనినవాని బాధ్యతతో సమానము. మేనల్లుడు కట్టనిచో మేనమామ జీతమునుండి వసూలగును. బంధుప్రీతి మంచిదే, సంతకము చేయునాడు ఆ మొత్తము తానే అప్పు చేసినట్లు భావించుకొనవలెను. అట్లే ఇల్లు భార్యాభర్తల ఉమ్మడి పేరున నుండుట శ్రేయస్కరము. ఏ ఋణము ఎక్కడ నున్నదో, ఏ పత్రము ఏ పెట్టెలో నున్నదో ఇల్లాలికి తెలియని ఇంట, యజమానికి ఆపద కలిగిననాడు నష్టము రెండింతలగును.

గ్రంథాలయపు బల్లమీది ప్రకటనలు

ఈ సంగతులకును గ్రంథాలయమునకును సంబంధమేమి యని కొందరు అనవచ్చును. గ్రంథాలయపు బల్లమీది దినపత్రికలను తిరుగవేసినచో చిన్న అక్షరములతో బ్యాంకుల స్వాధీన ప్రకటనలును, వేలపు ప్రకటనలును కనబడును. వాయిదాలు తొంబది దినములు బాకీపడిన ఋణము మొండిబాకీల లెక్కలో చేరును. 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము బ్యాంకు అరువది దినముల నోటీసు ఇచ్చి, అప్పటికిని చెల్లింపు జరుగనిచో ఆస్తిని స్వాధీనపరచుకొని, పత్రికలో ప్రకటింపవచ్చును. ఆ రెండు పత్రికలలో ఒకటి ప్రాంతీయ భాషలో నుండవలెనని నియమము. ఆ ప్రకటనలను కథలు చదివినంత శ్రద్ధతో చదివినచో, ఏ ప్రాంతమున ఎట్టి ఇండ్లు వేలమునకు వచ్చుచున్నవో, ఎంత అప్పునకు ఎంత ఇల్లు పోవుచున్నదో పాఠకునకు తెలియును.

నోటీసు చేతికి వచ్చిన కుటుంబము దానిని పెట్టెలో దాచిపెట్టుటయే తఱచుగ జరుగుచున్నది. ఆ అరువది దినములు మాటలాడుకొనుటకై చట్టము ఇచ్చిన గడువు. మొదటి వారముననే బ్యాంకునకు పోయి, పని పోయినదని చెప్పి, గడువు పెంచుమని కాని, వాయిదా మార్చుమని కాని అడిగినవానికి దారి దొరకు అవకాశము కలదు. ఆంగ్లమున వచ్చిన నోటీసును చదివి చెప్పువాడు లేక అనేకులు ఆ గడువును పోగొట్టుకొనుచున్నారు. ఈ గ్రంథాలయమున వారమునకు ఒక సాయంకాలము చదువుకొనిన యువకు లిద్దరు కూర్చుండి, గ్రామస్థులు తెచ్చు ఋణపత్రములను, నియామక పత్రములను, ఇ.సి.లను తెలుగున చదివి వినిపించు ఏర్పాటు చేసినచో, దానికి ఖర్చు లేదు. ప్రయోజనము మాత్రము చాల గొప్పది.

విశాఖకు పోవు ప్రతి యువకుడును భూమి కొనుటకు ముందు మూడు సంగతులు ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది. తన ఉద్యోగము ఎట్టిది, అది నిలిచిపోయినచో ఇల్లు ఎన్ని నెలలు గడచును, కొనదలచిన స్థలము ఎన్ని యేండ్లకు అక్కఱకు వచ్చును అనునవి ఆ మూడు. రెండవ సంఖ్య చిన్నదై, మూడవ సంఖ్య పెద్దదైనచో ఆ స్థలము మరియొకని పాలగుటయే సాధారణము. అట్టివాడు తొందరపడక మొదట రెండవ సంఖ్యను పెంచుకొనవలెను. భూమి ఎక్కడికిని పోదు. నిలుకడ సమకూర్చుకొనిన పిదప కొనిన సెంటు భూమియైనను ఆ కుటుంబమునకు మిగులును.